నీహారికా ఛాయాగ్రహణము

నక్షత్రాంతరాళమున వ్యాపించిన వాయుధూళి మేఘములను దూరదర్శినికి కెమేరా తగిలించి చిత్రించు ఈ విద్య ఔత్సాహికుల చేతులలోనే పుట్టినదనుట అతిశయోక్తి కాదు. వైద్యవిద్య నభ్యసించిన అమెరికా వాసి హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న ఓరియన్ నీహారికను 51 నిమిషములపాటు ఫలకమునకెక్కించి మొదటి నీహారికా చిత్రమును సాధింపగా, పారిశుద్ధ్య ఇంజనీరైన ఆండ్రూ ఐన్‌స్లీ కామన్, ఇంగ్లండునందలి ఈలింగ్‌లోని తన యింటివద్ద నిలిపిన 36 అంగుళముల దర్పణముతో, కంటికి గోచరింపని తారలను సైతము ఫలకము చూపగలదని 1883లో నిరూపించెను.

నేటి సాధకుడు ఒక్క దీర్ఘచిత్రమునకు మారుగా అనేక స్వల్పచిత్రములను తీసి, తారలు ఏకీభవించునట్లు కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చి సగటు కట్టును. నీహారికాకాంతి ప్రతిచిత్రమందును ఒకేచోట నిలుచుటచేతను, రొద, అనగా చిత్రమందలి అవాంఛిత చుక్కలు, యాదృచ్ఛికమగుటచేతను, చిత్రముల సంఖ్య నాలుగింతలైనచో రొదతో పోల్చిన కాంతిసంకేతపు బలము రెండింతలగును. మూత బిగించి తీసిన చీకటిచిత్రములు సెన్సారు దోషములను, సమకాంతిచిత్రములు ధూళిచ్ఛాయలను తొలగించును. ఓరియన్ నీహారికా హృదయమందలి నాలుగు తారల తేజస్సు మితిమీరినది గనుక దానికి కొన్ని క్షణముల చిత్రములను వేరుగా తీసి కలుపవలెను. హైడ్రోజను వెలువరించు 656.3 నానోమీటర్ల అరుణకాంతిని సాధారణ కెమేరాలలోని వడపోతగాజు చాలమట్టుకు అడ్డగించును. దానిని మార్పించినగాని ఎరుపు నిండుగా దక్కదు. వర్ణములను గాఢపరచుటలో మాత్రము మితము పాటించువారు అరుదు.