గాజర్ మీద నారింజ రసం

చలికాలంలో గాజర్, చుకందర్, షల్గం ముక్కలకు నూనె, ఉప్పు పట్టించి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, పైన నారింజ రసం పిండితే కొందరు దోస్తులు 'అంగ్రేజీ ఖానా' అంటారు. దాని తారీఖ్ చూస్తే నాకలా అనిపించదు.

గాజర్ సాగు మొదలైంది నేటి అఫ్ఘానిస్తాన్, మధ్య ఆసియా ఇలాఖాలో. అక్కడి నుంచి అరబ్బుల పొలాల మీదుగా స్పెయిన్ చేరింది. 12వ శతాబ్దంలో సెవిల్ షహర్‌కు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా'లో గాజర్ రకాల గురించి రాశాడు. అప్పటికే నారింజ చెట్లూ అక్కడున్నాయి. ఆ పేరు హిందుస్తాన్‌ది. సంస్కృత 'నారంగ' ఫార్సీలో నారంగ్, అరబీలో నారంజ్, స్పానిష్‌లో నరంహ అయింది.

ఆనాటి నారింజ పుల్లనిది. తీపి రకాన్ని యూరప్‌లో వ్యాపింపజేసింది పోర్చుగీసు తాజిర్లు. అందుకే అరబీలో దాన్ని 'బుర్తుఖాల్' అంటారు. మన ఊళ్ళలో మాత్రం పులిహోరలో పిండే పుల్లటి కాయే నేటికీ నారింజ.

ఇందులో ఏది మనది, ఏది పరాయిది? దస్తర్‌ఖాన్ మీద సరిహద్దులు గీసేవాళ్ళు ముందు ఈ సఫర్ తెలుసుకోవాలి. నేనైతే కాల్చిన గాజర్ మీద కమలా కాదు, నారింజకాయే పిండుతాను. పాత జాయికా అదే.