చందుపట్ల రాయి: ఒక భటుడు నిలబెట్టిన జ్ఞాపకం

యుద్ధంలో పోయినోళ్ల పేరు మీద గుడి కట్టించడం, రాయి పాతించడం లోకమంతా ఉన్నదే. మన కట్టంగూర్ పక్క మండలం నకిరేకల్. అక్కడి చందుపట్లలో అలాంటి రాయే ఒకటుంది. రాణి రుద్రమదేవి మరణం గురించి మనకు తెలిసింది ఆ రాయి వల్లనే.

శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. అంటే 1289 నవంబర్ 27. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇస్తున్నానని ఆ శాసనం చెప్తుంది. ఇచ్చింది రాజు కాదు, సామంతుడు కాదు. మల్లికార్జున నాయకుని కొలువులో పనిచేసిన పువ్వుల ముమ్మడి.

యుద్ధం మాట అందులో లేదు. కానీ రాణి, సేనాని ఇద్దరూ ఒక్కసారే పోయారు. ఆ రోజుల్లో కాయస్థ అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడ్డాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునుని మీద తన గెలుపును గొప్పగా చెప్పుకున్నాడు. ఈ రెండూ కలిపి చూసే, ఇద్దరూ ఆ పోరులోనే నేలకొరిగారని చరిత్రకారులు అంటున్నరు. అంతకుముందు రుద్రమ 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో ఉండేది. ఒక చిన్న కొలువుగాడి రాయి ఆ లెక్కను మార్చేసింది.

దుఃఖం మాత్రం మారలేదు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైతే, సరిగ్గా ఏడాదికి ఆయన ఊర్లోనే విగ్రహం నిలబెట్టిన్రు. మహావీర్ చక్రను తల్లి, భార్య అందుకున్నరు.

ఇక మనవాళ్ల సంగతి. ముమ్మడి తన నాయకుని పేరు, రాణి పేరు రాయించాడు. వాళ్ల వెంట పోయిన మామూలు బంట్ల పేర్లు మనదాకా రాలేదు. సాయుధ పోరాటంలో మన జాటోతు ఠాను నాయక్ పేరు నిలిచింది. కానీ ఆ పోరులో పోయిన తండావాళ్లందరి పేర్లు ఏవి? కొందరివి ముసలోళ్ల నోట్లోనే ఉన్నయి. వాళ్లు పోతే అవీ పోతయి.

రాయి పాతించే స్తోమత మనకు లేకపోవచ్చు. రాయడం వచ్చింది కదా. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ తండాలో పెద్దోళ్లను అడగండి. పేరు, ఊరు, ఎట్ల పోయిన్రో రాసుకుని ఇక్కడ పెట్టండి. ముమ్మడి చేసింది కూడా అంతే.