పిచ్చికుసుమ

యాసంగిలో స్టేషన్ ఘన్‌పూర్ వైపు బీళ్లలో, బాటల పక్కన పసుప్పచ్చగా పూసే ముళ్ల మొక్క పిచ్చికుసుమ. ‘కుసుమ’ సంస్కృత ‘కుసుంభ’ నుంచి వచ్చిన నూనెగింజ పంట పేరు. ‘పిచ్చి’ చేరితే ఎవరూ విత్తకుండా తనంత తాను మొలిచేదని అర్థం. పిచ్చితులసి అలా వచ్చిందే. ఆకు అంచున ముళ్లు చూసి మనవాళ్లు దీన్ని కుసుమతో పోల్చారు.

చుట్టరికం మాత్రం లేదు. కుసుమ పొద్దుతిరుగుడు కుటుంబానిది, ఇది గసగసాల కుటుంబానిది. తుంచితే పసుపు పాలు కారతాయి. మెక్సికో నుంచి వచ్చిందని శాస్త్రనామం ‘ఆర్జిమోన్ మెక్సికానా’ చెబుతుంది. బ్రహ్మదండి అనీ అంటారు. నీలిఛాయ పూలబంతులుండే ఎకినాప్స్‌కూ అదే పేరు. కుసుమకు నిజమైన చుట్టం ఆ ఎకినాప్సే.

పేర్లు కలిస్తే నష్టం లేదు, గింజలు కలిస్తేనే ముప్పు. పిచ్చికుసుమ గింజలు ఆవాల్లా నల్లగా ఉంటాయి. వాటి నూనెలో సాంగ్వినరిన్ అనే విషముంది. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని ఎందరో ఒళ్లు వాచి జబ్బుపడ్డారు, ప్రాణాలూ పోయాయి. ఎండిన కాయ పైకొన విచ్చి గింజలు రాలుస్తుంది; అవి నేలలో ఏళ్లతరబడి బతికే ఉంటాయి. అందుకే కాయ ముదరకముందే, పూత మీదే పీకేయాలి.