నానమ్మ పుట్టినప్పుడు ఊళ్ళో ఏ జెండా ఉండేది?

మా అమ్మాయి ఐదో తరగతి. పోయిన నెల క్లాసులో ఫ్యామిలీ ట్రీ పోస్టర్ చేసుకు రమ్మన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరెక్కడ పుట్టారో రాసి, పేరు పక్కన ఆ చోటి జెండా గీయాలి. నాకూ, మా ఆవిడకూ, మా నాన్నకూ మూడు రంగుల జెండా చకచకా గీసేసింది. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. అమ్మ పుట్టింది 1948లో, ఉగాది వెళ్ళిన పది రోజులకి, సూర్యాపేట దగ్గర ఒక పల్లెలో. ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కానీ ఆ పల్లె ఇంకా ఇండియాలో లేదు.

"నానమ్మా, మీ ఊరు ఏ దేశంలో ఉండేది?" అని పిల్ల అడిగితే అమ్మ నవ్వింది. "నాకెట్ల తెలుస్తది బిడ్డా, నేను పుట్టిన ఐదు నెలలకే ఆ కతంత ఒడిసిపాయె" అంది.

పోస్టర్ కలిసి చేసుకుందామని అదే వారం మా అమ్మాయి స్నేహితురాలు ఇంటికి వచ్చింది. సోమాలీల పిల్ల. హర్గేయిసాలో పుట్టిన వాళ్ళ అమ్మమ్మ పేరు పక్కన ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు చారల జెండా గీసింది. మొగదిషులో పుట్టిన వాళ్ళ నాన్న పక్కన నీలం మీద తెల్ల నక్షత్రం గీసింది. "రెండూ సోమాలియానే కదమ్మా?" అన్నాను. "మా అమ్మమ్మ ముందు మాత్రం అలా అనకండి అంకుల్" అంది. ఆ మాట పట్టుకుని వారమంతా చదివాను, అమ్మను అడిగి తెలుసుకున్నాను. 1947, 48లలో తెలంగాణలో గానీ, ఔరంగాబాద్, నాందేడ్, బీదర్, రాయచూరు వైపు గానీ పుట్టిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ ప్రశ్న మీకూ ఎప్పుడో వస్తుంది.

ముందు ఆ పిల్ల జెండాల సంగతి. నీలం జెండా 1954 అక్టోబర్ 12న వచ్చింది. గీసినాయన మహమ్మద్ అవాలే లిబాన్. నక్షత్రానికి ఉన్న ఐదు కోణాలు సోమాలీలు బతికే ఐదు ప్రాంతాలకు గుర్తు: బ్రిటిష్ సోమాలీలాండ్, ఇటాలియన్ సోమాలియా, ఇప్పుడు జిబూటి అయిన ఫ్రెంచి భాగం, ఇథియోపియాలో ఉన్న ఒగాడెన్, కెన్యాలోని ఈశాన్య ప్రాంతం. ఆ ఐదింటిలో కలిసినవి రెండే. బ్రిటిష్ భాగానికి 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది. ఐదు రోజులు విడి దేశంగా ఉండి జూలై 1న ఇటాలియన్ భాగంతో కలిసిపోయింది. కాపురం పొసగలేదు. సియాద్ బర్రే నియంతృత్వం, 1988లో హర్గేయిసా మీద సొంత ప్రభుత్వ విమానాలే బాంబులు వేయడం, అంతర్యుద్ధం, అన్నీ అయ్యాక 1991 మే 18న ఉత్తరాది వాళ్ళు బురావ్ పట్నంలో కూడి, మేం మళ్ళీ విడి దేశం అని ప్రకటించుకున్నారు. అదే సోమాలీలాండ్. ఇప్పటి జెండా 1996లో పెట్టుకున్నారు. పైన ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాల్లో షహాదా, నడుమ తెలుపులో నల్ల నక్షత్రం, కింద ఎరుపు. ఐదు ప్రాంతాలూ ఒకటవుతాయన్న కల చచ్చిపోయింది కాబట్టి నక్షత్రం నలుపు అంటారు. సొంత నోట్లు, సొంత పాస్‌పోర్టు, సొంత ఎన్నికలు అన్నీ ఉన్నాయి. ఒక్క దేశమైనా గుర్తిస్తుందా అని మూడు దశాబ్దాలు ఎదురు చూసింది.

దాని పక్కనే పుంట్‌లాండ్ ఉంది. అది 1998లో సొంత పాలన ప్రకటించుకుంది గానీ సోమాలియా నుంచి విడిపోతామనలేదు. 2009లో పెట్టుకున్న జెండా చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. పై చార నీలం, అందులో అదే తెల్ల నక్షత్రం, కింద తెలుపు, ఆకుపచ్చ. నక్షత్రం తెల్లగా ఉందా, నల్లగా ఉందా చూస్తే చాలు, వాళ్ళు ఇంట్లో ఉండి వేరు వంట పెట్టుకున్నారా, ఇల్లే వదిలి పోయారా అర్థమవుతుంది.

ఇక మన ఇంటి సంగతి.

హైదరాబాద్ నిజాంల జెండాని ఆసఫియా జెండా అంటారు. పసుపు గుడ్డ, నడుమ గుండ్రటి గుర్తు, ఉర్దూ రాతలు. ఆ గుండ్రం సూర్యుడో చంద్రుడో అనుకుంటాం. కానీ అది రొట్టె, కుల్చా! మొదటి నిజాం ఒకసారి ఔరంగాబాద్‌లో ఒక సూఫీ గురువు దగ్గరికి వెళితే, ఆయన పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెట్టాడట. నిజాం ఆకలి మీద ఏడు తిన్నాడట. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడట. ఇది చరిత్ర కాదు, కథే. కానీ జెండాకి ఆ పసుపూ ఆ రొట్టే అక్కడి నుంచే వచ్చాయని చెబుతారు. నిజాం బిరుదుతో లెక్కేస్తే చివరివాడు ఏడోవాడే, మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన కాలం జెండా మీద ఉన్న రాతకు, గొప్పతనమంతా భగవంతుడిదే అని అర్థం. ఆ కిందనే ఉస్మాన్ పేరు కూడా ఉంటుంది లెండి.

1947 జూన్‌లో ఈ ఏడో నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. ఇండియాలోనూ చేరం, పాకిస్తాన్‌లోనూ చేరం, బ్రిటిష్ వాళ్ళు పోయిన రోజు నుంచి హైదరాబాద్ స్వతంత్రం అని. అప్పటికి ఆ సంస్థానం చిన్నదేమీ కాదు. 82 వేల చదరపు మైళ్ళు, కోటీ అరవై లక్షల పైన జనం, మూడు భాషల జిల్లాలు. సొంత రైలు, సొంత తపాలా, సొంత హాలీ రూపాయి. సోమాలీలాండ్ ఈరోజు చూపించే సామానంతా ఆనాడు హైదరాబాద్ దగ్గరా ఉంది. లేనిది రెండే: గుర్తించిన దేశం, జనం ఒప్పుదల. మొదటిదాని కోసం లండన్ నుంచి ఐక్యరాజ్యసమితి దాకా తిరిగారు. రెండోదాని కోసం ఎవరూ తిరగలేదు.

ఆ పదమూడు నెలల్లో జెండా అంటే ప్రాణం మీది మాట. 1947 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మూడు రంగుల జెండా ఎత్తారని స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తే తుపాకులు పేలాయి. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. ఇవాళ అక్కడ అమరధామం ఉంది. వరంగల్ వెళ్ళినప్పుడు వేయిస్తంభాల గుడి, కోట చూసి వచ్చేస్తాం. కారులో ఇంకో గంట కూర్చుంటే పరకాల వస్తుంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇంకో వైపు రజాకార్ల నాయకుడు కాశీం రజ్వీ, ఆసఫ్‌జాహీ జెండా ఢిల్లీ ఎర్రకోట మీద ఎగరేస్తామని ఉపన్యాసాలిచ్చేవాడు.

నల్లగొండ పల్లెల్లో ఈ రెండు జెండాలే కాదు, మూడోది కూడా ఉంది. ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టుల ఎర్రజెండా. మా తాత మాట అమ్మ ఇప్పటికీ చెబుతుంది: "పగటీలి పోలీసోళ్ళు వస్తే పసుపు జెండాకు దండం, రాత్రి సంగపోళ్ళు వస్తే ఎర్ర జెండాకు దండం. మూడు రంగులది ఆయన సూసిందే లేదు, ఇన్నడంతే." ఆంధ్రా వైపు చదువరులకు ఇంకో వింత. కృష్ణా జిల్లా నడుమ పరిటాల చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు నిజాం కిందే ఉండేవి. చుట్టూ ఇండియా, మధ్యలో నిజాం. వాళ్ళు పోలీస్ యాక్షన్ కంటే ముందే నిజాం నుంచి విడిపోయాం, మాది పరిటాల రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. స్వతంత్రం ప్రకటించుకున్న రాజ్యం లోంచి ఇంకో స్వతంత్ర ప్రకటన అన్నమాట! హైవే పక్కన పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం చూసి దండం పెట్టుకునే ఊరు అదే.

1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం జరిగింది, ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు అని. ఏడాది గడవనే లేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బయల్దేరింది. 16న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పారిస్‌లో హైదరాబాద్ ఫిర్యాదు వింటోంది. 17న నిజాం చేతులెత్తేశాడు. ఆ గడబిడలోనే లండన్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌండ్ల పైన పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి మారింది. ఆ డబ్బు ఎవరిదన్న కేసు 2019 అక్టోబర్ దాకా నడిచి, ఇండియాకీ నిజాం వారసులకీ చెందుతుందని లండన్ కోర్టు చెప్పేసరికి వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది. లేని దేశానికి జెండా పోయినా బ్యాంకు ఖాతా డెబ్బై ఏళ్ళు బతికింది.

ఒక విషయం దాటేస్తే అబద్ధం అవుతుంది. పోలీస్ యాక్షన్ వెంటనే చాలా జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. రజాకార్లు చేసినవి పిల్లలకు చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

శనివారాలు క్యారీ వెంకటేశ్వరస్వామి గుడికి అమ్మను తీసుకెళ్తుంటాను. దర్శనం అయ్యాక పెద్దవాళ్ళు ఒకచోట చేరతారు. సెప్టెంబర్ వచ్చిందంటే ఒకాయన విమోచనం అంటారు, ఒకాయన విలీనం అంటారు, ఎర్రజెండా ఇంట పుట్టిన ఇంకొకాయన విద్రోహం అంటారు. ప్రభుత్వాలకే కుదరలేదు. 2022 నుంచి కేంద్రం విమోచన దినం చేస్తుంటే, రాష్ట్రం ముందు సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. పేర్లెన్ని మారినా ఆ రోజు ఎత్తేది మాత్రం మూడు రంగుల జెండానే. ఆ జెండాకి తొలి నమూనా గీసి 1921లో బెజవాడలో గాంధీ చేతికిచ్చిన పింగళి వెంకయ్య మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. తెలుగువాళ్ళ చేతిలో పుట్టిన జెండా తెలుగు పల్లెలకే కొన్నాళ్ళు పరాయిదయింది చూడండి.

ఇండియాలో రాష్ట్రాలకు అధికారికంగా సొంత జెండాలు లేవు. జమ్మూ కాశ్మీర్‌కి ఒకటి ఉండేది, 2019లో పోయింది. 2018లో కర్ణాటక ఒక జెండా ఖాయం చేసి పంపితే కేంద్రం ఒప్పుకోలేదు. అలాంటి చోటి నుంచి వచ్చిన మనకు ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక జెండా చూసి మొదట్లో వింతగా ఉంటుంది. ఇంకా వింత ఏమిటంటే, ఆ జెండాల్లో కొన్ని సోమాలీలాండ్ బాపతువే. డల్లాస్‌లో మనవాళ్ళు రోజూ చూసే ఒంటి నక్షత్రం జెండా 1839 నాటిది. అప్పుడు టెక్సాస్ విడి దేశం. ఫ్రీమాంట్‌లో చూసే ఎలుగుబంటి జెండా 1846లో సొనోమాలో కొందరు తిరగబడి, నెల కూడా నిలవని రిపబ్లిక్ కోసం ఎగరేసినది.

మన నార్త్ కరోలినా జెండా ఇంకా తమాషా. నీలం మీద తెల్ల నక్షత్రం, అటూ ఇటూ ఎన్, సీ అక్షరాలు, పైనా కిందా రెండు తేదీలు. కింది తేదీ, 1776 ఏప్రిల్ 12, గట్టిది. స్వాతంత్ర్యానికి ఓటు వేయండని ఈ కాలనీ తన ప్రతినిధులకు హాలిఫాక్స్‌లో అనుమతి ఇచ్చిన రోజు. పై తేదీ 1775 మే 20. షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ వాళ్ళు అందరికంటే ముందే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారంటారు. అసలు కాగితం 1800లో మంటల్లో కాలిపోయిందట. 1819లో రాలీ పత్రికలో అచ్చయితే, ఇది నమ్మదగింది కాదని థామస్ జెఫర్సనే అన్నాడు. ఇప్పటికీ చాలామంది చరిత్రకారులు నమ్మరు. అయినా జెండా మీద ఉంది, కారు నంబర్ ప్లేట్ల మీదా ఉంది. 1861లో యూనియన్ నుంచి విడిపోయినప్పుడు చేసిన మొదటి జెండాలో రెండో తేదీ 1861 మే 20, విడిపోయిన రోజు. ఓడిపోయి మళ్ళీ కలిశాక, 1885లో ఆ తేదీ తీసేసి హాలిఫాక్స్ తేదీ పెట్టారు.

ఇంతా విని మా అమ్మాయి అడిగిందొకటే: "అయితే నానమ్మకి ఏది గీయాలి?" పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ కాగితాల వరకూ అయితే చిక్కు లేదు. పుట్టిన దేశం అన్నచోట మామూలుగా ఆ ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉందో అదే రాస్తాం. అమ్మది ఇండియా, అంతే. పోస్టర్ ఇమిగ్రేషన్ ఫారం కాదు కదా. పసుపు జెండా గీయమనడానికి నాకు నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. అమ్మనే అడగమన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించి, "రజాకార్ల జెండా నా పేరు పక్కన వద్దు బిడ్డా. అట్లని లేకుండె అంటె ఎట్ల? ఉండె. సిన్నగ గియ్యి" అంది.

పిల్ల మూడు రంగులది పెద్దగా గీసింది. దాని కింద బొటనవేలంత పసుపు జెండా గీసి, మన నార్త్ కరోలినా జెండాలో ఉన్నట్టే పైన 15-8-1947, కింద 17-9-1948 అని రాసింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి రొట్టె గుండ్రంగా రాలేదంది. తర్వాత, "మరి మా నాయిన రాత్రిపూట దండం పెట్టిన ఎర్రజెండా ఏది?" అని అడిగింది. పోస్టర్ మీద జాగా లేదు. మా అమ్మాయి దాన్ని వెనక వైపు గీసింది.