ఎవరూ చదవని రిపోర్టులు

ఉస్మానియా చరిత్ర అనగానే మనకి ఆర్ట్స్ కాలేజీ మెట్లు, 1969, 2009 గుర్తొస్తాయి. నినాదాలు, లాఠీలు, తార్నాక దాకా సాగిన ఊరేగింపులు. అదే యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్న ఒక ఐఏఎస్ అధికారి ఆ జ్ఞాపకాల్లో ఎక్కడా కనిపించడు. కానీ మన ఇంటి అప్పు మీదా, మన రాష్ట్రాల ఆదాయం మీదా ఆయన నిర్ణయాల ప్రభావం ఉంది. ఆయనే వై.వి. రెడ్డి, యాగా వేణుగోపాల్ రెడ్డి.

1941లో కడప జిల్లాలో పుట్టారు. మద్రాసులో ఎం.ఏ., 1964లో ఐఏఎస్. 1979లో ‘మల్టీలెవెల్ ప్లానింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం తెచ్చారు. దేశం పై నుంచి కింది దాకా ఏ స్థాయిలో ఎవరు ప్రణాళిక వెయ్యాలన్నది దాని విషయం. ఈ ప్రశ్న ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

2003 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. అది భూముల ధరలు పిచ్చెక్కిన కాలం. 2006లో కోకాపేట వేలంలో ఎకరం 14 కోట్లు దాటింది. బ్యాంకు ఇచ్చే ప్రతి అప్పుకీ కొంత సొంత పెట్టుబడి వెనకేసుకోవాలి; రిస్క్ ఎక్కువైతే అదీ పెరగాలి. కమర్షియల్ రియల్ ఎస్టేట్ అప్పులకి ఈ రిస్క్ లెక్కని రెడ్డి 100 శాతం నుంచి 2005లో 125కి, 2006లో 150కి పెంచారు. వృద్ధికి అడ్డుపడుతున్నాడని విసుక్కున్నవాళ్లు చాలామంది. 2008 సెప్టెంబర్ 5న పదవి దిగారు. సరిగ్గా పది రోజులకి అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. మెప్పంతా ఆ తర్వాత వచ్చిందే.

మెప్పుకీ ఒక హద్దుంది. మన బ్యాంకులు ఎక్కువ భాగం ప్రభుత్వానివి కావడం కూడా దేశాన్ని కాచింది. పైగా, మొండి బకాయిల్లో పెద్ద భాగం 2006-08 మధ్య ఇచ్చిన అప్పులేనని రఘురామ్ రాజన్ 2018లో పార్లమెంటు కమిటీకి రాశారు. రెడ్డి బ్రేకు వేసిన మాట నిజం, బండి పూర్తిగా ఆగలేదన్నదీ నిజమే.

మనకి ఇంకా దగ్గరి కథ 2013లో మొదలైంది. రెడ్డి 14వ ఆర్థిక సంఘం అధ్యక్షుడయ్యారు. పని నడుస్తుండగానే రాష్ట్రం రెండయింది. కేంద్రం పంచే పన్నుల్లో రాష్ట్రాల వాటాని 32 నుంచి 42 శాతానికి పెంచమని సంఘం చెప్పింది. అంత ఒక్కసారిగా వద్దని సభ్యుడు అభిజిత్ సేన్ అసమ్మతి రాశారు. కేంద్రం 42కే ఒప్పుకుంది. కానీ తర్వాత రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేని సెస్సులు, సర్‌చార్జీలు పెరుగుతూ పోయాయి. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకున్నట్టయింది.

అన్నిటికన్నా పెద్ద గొడవ హోదాది. ఆంధ్రకి ప్రత్యేక హోదా కుదరకపోవడానికి కేంద్రం 14వ ఆర్థిక సంఘాన్నే కారణంగా చూపించింది. సంఘం చేసింది వేరు: డబ్బు పంచే లెక్కలో హోదా ఉన్న రాష్ట్రాలకీ లేనివాటికీ తేడా చూడలేదు, అంతే. హోదా ఇవ్వొద్దని ఎక్కడా సిఫార్సు చెయ్యలేదు. ఈ రెండింటి మధ్య దూరం చాలా ఉంది. ఏళ్ల తరబడి మన టీవీ చర్చలు ఆ దూరాన్ని పట్టించుకోలేదు. రిపోర్టు తెరిచి చూసినవాళ్లు తక్కువ కాబట్టి, అందులో లేని మాట ఉందని చెప్పడం సులువైంది.

ఉద్యమాల చరిత్ర మనం బాగానే రాసుకున్నాం, రాసుకోవాలి కూడా. కానీ నీళ్లు, నిధులు, నియామకాలు అని అరిచిన గొంతులకి సంబంధించిన లెక్కలు ఇలాంటి రిపోర్టుల్లోనే తేలతాయి. అయిదేళ్లకోసారి కొత్తది వస్తుంది. చదవడం మాత్రం ఇంకా మన పనిగా అనుకోవడం లేదు.