స్టామ్‌ఫర్డ్: మెయిన్ రైల్వే లైన్ రాకపోవడమే ఈ ఊరిని కాపాడింది.. ఉరికంబం బోర్డున్న సత్రం స్పెషల్ ఏంటంటే?

రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివర వరకు ఓ పెద్ద దూలం. చూడ్డానికి అచ్చం ఉరికంబంలా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ కౌంటీ, స్టామ్‌ఫర్డ్‌లో ఉన్న 'ది జార్జ్' అనే పాతకాలపు సత్రం బోర్డు ఇది. మంచివాళ్లకు స్వాగతం, దారిదోపిడీ దొంగలకు హెచ్చరిక.. అందుకే ఇలా పెట్టారని అక్కడివారు చెబుతుంటారు.

రోజుకు 40 బండ్లు

లండన్ నుంచి యార్క్ మీదుగా స్కాట్లండ్ వెళ్లే గ్రేట్ నార్త్ రోడ్ ఈ ఊరి గుండానే వెళ్లేది. గుర్రపు బండ్లు బాగా నడిచిన రోజుల్లో అటు 20, ఇటు 20 జార్జ్ దగ్గర ఆగేవి. గుర్రాలను మార్చేలోపు ప్రయాణికులు లోపల కూర్చునేవారు. గుమ్మానికి ఓ పక్క గది లండన్ వెళ్లేవారికి, మరో పక్క గది యార్క్ వెళ్లేవారికి. ఆ గదుల తలుపులపై 'లండన్', 'యార్క్' అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

అసలు దెబ్బ ఎక్కడ తగిలింది?

రైళ్లు వచ్చాక సీన్ మారిపోయింది. 1852లో ఉత్తరాదికి వెళ్లే మెయిన్ లైన్ పీటర్‌బరో, గ్రాంథమ్ మీదుగా పడింది. స్టామ్‌ఫర్డ్‌కు చిన్న లైనే దక్కింది. బండ్లు ఆగిపోయాయి, వ్యాపారం పడిపోయింది. పీటర్‌బరో పెద్ద పట్టణంగా ఎదిగితే, స్టామ్‌ఫర్డ్ ఉన్నచోటే ఉండిపోయింది.

అయితే ఆ నష్టమే తర్వాత వరమైంది. పెద్ద ఫ్యాక్టరీల కోసం పాత వీధులను కూల్చాల్సిన అవసరం రాలేదు. తేనె రంగు సున్నపురాయి ఇళ్లు అలాగే నిలిచాయి. 1960లో బైపాస్ రావడంతో హైవే ట్రాఫిక్ కూడా ఊరి బయటికి వెళ్లిపోయింది. 1967లో ఇంగ్లండ్, వేల్స్‌లోనే తొలి కన్జర్వేషన్ ఏరియాగా స్టామ్‌ఫర్డ్‌ను ప్రకటించారు. ఇక్కడ రక్షిత కట్టడాలు 600కు పైనే. 2005 నాటి 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' సినిమాకు ఇక్కడ షూటింగ్ జరిగింది కూడా ఈ పాత వీధుల వల్లే.

ఇంకా ఏం చూడొచ్చు?

* సెయింట్ మార్టిన్స్ చర్చి: ఎలిజబెత్-1 రాణికి ముఖ్యమంత్రిగా పనిచేసిన విలియం సెసిల్ సమాధి ఇక్కడే ఉంది.
* డేనియల్ లాంబర్ట్ సమాధి: దాదాపు 335 కిలోల బరువుతో పేరుపొందిన ఈయన 1809లో స్టామ్‌ఫర్డ్‌లోనే చనిపోయారు.
* బర్లీ హౌస్: సెసిల్ 1555-1587 మధ్య కట్టించిన భవనం. ఊరికి దగ్గర్లోనే ఉంటుంది.

ఎలా వెళ్లాలి?

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి, పీటర్‌బరోలో దిగి మారాలి. అక్కడి నుంచి స్టామ్‌ఫర్డ్‌కు పావుగంట ప్రయాణం. శుక్రవారం వెళ్తే సంత కూడా చూడొచ్చు. జార్జ్ ఇప్పటికీ హోటల్‌గా నడుస్తోంది. రాత్రి బస చేయకపోయినా, భోజనానికో టీకో వెళ్లి ఆ రెండు తలుపులు చూసి రావచ్చు.