నాడెకు నోరు పెట్టే చోట
(కులం - కార్మికుడు: 6వ భాగం)



"అంబేద్కర్ సమ్మెలకు అడ్డుపడ్డాడు, కార్మికవర్గాన్ని చీల్చాడు" అనే మాట క్యాంపసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. మొన్న ఒక తమ్ముడు "దీనికేం జవాబు చెప్పాలన్నా?" అని మెసేజ్ పెట్టాడు. జవాబు బొంబాయి బట్టల మిల్లులో, మగ్గం దగ్గరుంది.

మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. అందులో కండె అయిపోతే కొత్తది పెట్టి, నూలు కొసను నాడె కన్నంలోంచి బయటికి లాగాలి. ఆ రోజుల్లో కన్నానికి నోరు పెట్టి పీల్చి లాగేవాళ్లు. దళితుడి ఎంగిలి తగిలిన నాడెకు మేం నోరు పెట్టం అన్నారు సవర్ణ కార్మికులు. అంతే, కూలి ఎక్కువొచ్చే నేత విభాగం దళితులకు మూతపడింది. తక్కువ కూలి స్పిన్నింగ్ పనే వాళ్లకు మిగిలింది. ఆవిరి యంత్రం వచ్చింది, ఎర్రజెండా వచ్చింది, ఎంగిలి మాత్రం పోలేదు.

1928లో కమ్యూనిస్టులు ముందుండి నడిపిన సమ్మెలో దాదాపు లక్షన్నర మంది ఆరు నెలలపాటు పని ఆపేశారు. అప్పుడు బాబాసాహెబ్ ఒక్కటే అడిగారు: అన్ని విభాగాల్లో దళితులకు పని ఇవ్వాలన్నది కూడా మీ డిమాండ్లలో చేర్చండి, లేకపోతే మావాళ్లను సమ్మెలోకి రావద్దంటాను. నాయకులు అయిష్టంగానే ఒప్పుకున్నారు. యజమానుల జవాబు చూడండి: ఇది అన్యాయమే అయినా దానికి బాధ్యులం మేం కాదన్నారు. దోపిడీదారు నోట వచ్చినా, ఆ మాటలో సగం నిజముంది. తలుపు మూసింది పక్క మగ్గం మనిషి. లాభపడింది మాత్రం యజమానే.

1929 సమ్మెను బాబాసాహెబ్ వ్యతిరేకించారు. దాన్ని మనం దాచక్కర్లేదు. ఆరు నెలలు కూలి లేక అప్పుల్లో మునిగినవాళ్లలో ముందు చితికింది మనవాళ్లే.

మరి 1938 మాటేమిటి? ఇది మాత్రం ఆ విమర్శకులు చెప్పరు. ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో, మన శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని చెప్పింది ఆయనే. అదే ఏడాది బొంబాయి కాంగ్రెస్ ప్రభుత్వం సమ్మె హక్కును బిగించే పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. సమ్మె చేయడం నేరం కాదు, అది మనిషి స్వేచ్ఛలో భాగమని ఆయన అసెంబ్లీలో వాదించారు. నవంబర్ 7న ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒక్కరోజు సమ్మె చేశారు. పదేళ్ల కింద సమ్మెకు షరతు పెట్టిన మనిషే ఈసారి సమ్మెకు పిలుపిచ్చాడు! తమ్ముడూ, ఇది చెప్పు వాళ్లకు.

బిల్లు ఆగలేదు, చట్టమైంది. నేత విభాగం తలుపు కూడా ఆ ఒక్కరోజుతో తెరుచుకోలేదు. కలిసిన ఈ రెండు జెండాలు 1952 ఎన్నికలనాటికి బొంబాయిలోనే ఎదురెదురుగా ఎలా నిలబడ్డాయో వచ్చే భాగంలో.

జై భీమ్.